కొవ్వుకు మూర్ఛ రాదు మేడమ్

(కడపలో పిల్లులు పెంచుకునేవాళ్లు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నేను డాక్టర్ని కాదు, బళ్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. మా మసి నల్ల పిల్లి, మగది, ఆపరేషన్ చేయించినాం. మూడేళ్లుగా దానికి మూర్ఛ. దాన్ని సాకుతా నేను తప్పిన లెక్కలు నాలుగు చెప్పి దిగిపోతా.

మొదటిసారి వచ్చింది తెల్లారుజామున. వంటింట్లో గిన్నె దొర్లితే పాలకు ఎగబడిందేమో అనుకుని లేచినా. గ్యాస్ బండ పక్కన పడిపోయి, ఈత కొడుతున్నట్టు నాలుగు కాళ్లూ ఆడిస్తా ఉంది. నోట్లో నురగ, కింద ఉచ్చ. మా అత్త బీరువా తాళాల గుత్తి పట్టుకొచ్చి, ఏ కాలికి తగిలించాలో తెలీక నిలబడిపోయింది. నవ్వొద్దండీ, ఆమెకంటే ముందు తాళాలు వెతికింది నేనే. మూర్ఛ మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, పేరు మాత్రం ఇనుముకొస్తుంది. మనం చేయాల్సింది ఫోన్లో టైము చూసుకోవడం, వీలైతే వీడియో తీయడం. నోట్లో వేలు పెట్టొద్దు. పిల్లి నాలుక మింగదు, మీ వేలు మాత్రం కొరికేస్తుంది. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాన్నించి తేరుకోకముందే ఇంకోటి వచ్చినా ఆటో పిలవాల్సిందే.

డాక్టరు రాసింది ఫినోబార్బిటాల్. 1912 నుంచి మనుషులకు వాడుతున్న మందు, పిల్లులకు ఇప్పటికీ ముందు రాసేది ఎక్కువగా ఇదే. కిలోకు సుమారు 2 మిల్లీగ్రాములు, పన్నెండు గంటలకోసారి. మసి అప్పుడు 3.8 కిలోలు. 30 మిల్లీగ్రాముల బిళ్లలో పావు, అంటే 7.5 మిల్లీగ్రాములు. పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు. బిళ్ల వేశాక సిరంజితో అయిదారు మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా తాగిస్తాం. పొడిబిళ్ల గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండవుతుంది.

మూర్ఛ ఆగింది. ఆకలి మొదలయింది.

ఈ మందుకు ఆ గుణముంది. ఆకలి, దాహం పెంచుతుంది. మసి గిన్నె నాకేసి, మా అత్త సంగటి ముద్ద దగ్గర కూర్చుని, గోడ దూకి పక్కింటి వదిన దగ్గర పెరుగన్నం తిని, మళ్లీ వచ్చి అరిచేది. చావు తప్పించుకున్న బిడ్డ అడుగుతుంటే లేదని ఎట్లంటాం? "ఎంత బాగా కోలుకుందో చూడు" అని వీధంతా మెచ్చుకుంది. ఎనిమిది నెలల్లో 5.9 కిలోలు. అది కోలుకోవడం కాదు, బిళ్ల ఆకలికి మేం పెట్టిన కూడు.

అప్పుడు నా లెక్కల బుద్ధి పని చేసింది. కిలోకు రెండు, 5.9 కిలోలకు 11.8. బిళ్ల పెంచాలి కదా? డాక్టరును అడిగితే నవ్వినాడు. "కొవ్వుకు మూర్ఛ రాదు మేడమ్. రక్తంలో ఎంతుందో చూద్దాం" అన్నాడు. రక్తం బెంగళూరు ల్యాబుకు పోయింది. మిల్లీలీటరుకు 15 నుంచి 45 మైక్రోగ్రాముల మధ్య ఉండాలంటారు, మసికి 26 వచ్చింది. బిళ్ల అలాగే ఉంచినారు. మోతాదు మార్చిన ప్రతిసారీ రెండు వారాలాగి మళ్లీ చూడాలి, మందు రక్తంలో నిలకడ కావడానికి అంత పడుతుంది. బరువు బాగా దిగినా మళ్లీ చూపించాలి.

ఇక తగ్గించడం. కడుపు మాడ్చాలనుకుంటారేమో, పొరపాటున కూడా వద్దు. లావు పిల్లి రెండు మూడు రోజులు తిండి మానిందంటే కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణం మీదికొస్తుంది. వారానికి ఒంటి బరువులో నూటికి ఒక వంతు దిగితే చాలు. మసికి అది అరవై గ్రాములు. అరవై గ్రాములు మన చేతికి తెలుస్తుందా? అందుకే ప్రతి ఆదివారం కిరాణా కొట్టుకు, కూరగాయల బుట్టలో. కొట్టాయన మొదట బుట్ట తూచి, తర్వాత మసిని పెడతాడు. చక్కెర కొనేవాళ్లు ఆగి చూస్తారు. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచడం మానేసి, రోజుకు 45 గ్రాముల పొడి తిండి తూచి నాలుగు పూటలు చేసినాం. పక్కింటి వదినకు చెప్పడమే అన్నిటికన్నా కష్టం. ఒక నెల ముఖం తిప్పుకుంది. ఏడు నెలలకు మసి 4.7 కిలోలు.

నడుమ ఒక తప్పు జరిగింది. మందుల షాపులో 30 లేవని 60 ఇచ్చినారు. డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చే మందు, చీటీ చూసే ఇచ్చినారు. ఇంటికొచ్చి అలవాటు చొప్పున పావు విరిచినా. రెండు రోజులకే తాగుబోతు నడక. మెట్టు దిగబోయి దొర్లింది. షాపువాళ్లను తిట్టుకున్నా, కానీ అట్ట మీది అంకె చదవంది లెక్కల టీచరు. భయపడి ఒక్కసారిగా మానేసి ఉంటే ఇంకా ఘోరం, హఠాత్తుగా ఆపితే మూర్ఛలు వరసపెట్టి వస్తాయి. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు పాత మోతాదుకు దించినాం.

కుక్కలున్న ఇళ్లవాళ్లకు ఒక మాట. కుక్క మూర్ఛకిచ్చే పొటాషియం బ్రోమైడ్ పిల్లికి పోయొద్దు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కుక్క గోమార్లకు వీపున వేసే పర్మెత్రిన్ చుక్కలయితే మూర్ఛ లేని పిల్లికి కూడా మూర్ఛ తెప్పిస్తాయి.

కొట్టాయన తూకం నాకిచ్చి పంపినాడు, ఏడుకల్లా తిరిగియ్యాలి. బుట్ట ఇక్కడే ఉంది. ముందు ఎవరి పిల్లి?