నాకు కప్పిన శాలువా గురించి

అధ్యక్షులకు, కాలనీ పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెబుతూ పోతే నాకిచ్చిన పది నిమిషాలూ అయిపోతాయి, ఏమీ అనుకోవద్దు.

అక్టోబరు 10, మానసిక ఆరోగ్య దినోత్సవం కదా, ‘మంచి తిండి, మంచి మనసు’ మీద మాట్లాడమన్నారు. కాగితం రాసుకొచ్చాను. కానీ స్టేజీ ఎక్కగానే పోయినేడాది సంగతి గుర్తొచ్చింది. పద్నాలుగు కిలోలు తగ్గానని ఇక్కడే నాకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నేనేం చేశానో తెలుసా? మీరు పెట్టిన లడ్డూలో సగం తిన్నానని పదకొండున్నరకు మేడెక్కి గంటసేపు నడిచాను.

షుగర్ బోర్డర్‌లో ఉందని రిపోర్టు వస్తే డాక్టరు అన్నం కాస్త తగ్గించమన్నారు. అంతే. నేను అన్నం మానేశాను, తర్వాత నూనె, పాలు. ఆపైన కూరగాయల మీద అనుమానం. మెహదీపట్నం రైతుబజారులో తోటకూర కట్టలు వాసన చూసి పెట్టేస్తుంటే, అమ్మే ఆమె “వాసనకు గూడ పైసలియ్యాలె సార్” అనేది. మీకిప్పుడు నవ్వొస్తోంది. నాకప్పుడు రాలేదు.

మంచి తిండే తినాలన్న ఈ అతి పట్టింపును ఆర్థోరెక్సియా అంటారు. స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికా డాక్టరు 1990ల్లో పెట్టిన పేరు. ఆయనకూ ఒకప్పుడు ఈ పట్టింపు ఉండేది. కోసి పావుగంట దాటిన కూరగాయ ముట్టేవారు కాదు, ముద్దను యాభైసార్లు నమిలేవారు. అక్కడి సైకియాట్రిస్టులు మానసిక జబ్బులన్నీ వరసపెట్టి రాసుకున్న డీఎస్ఎం-5 పుస్తకంలో దీన్ని విడి జబ్బుగా చేర్చలేదు. చేర్చకపోతేనేం, పట్టినవాడికి తెలుస్తుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్ వాళ్లు 2024లో ఇచ్చిన 17 సూచనల్లో మొదటిదే రకరకాలవి తినమని. నేను తినే రకాలు చివరికి ఏడు.

బోనాలకు లాల్‌దర్వాజలో మా అక్క ఇంటికి డబ్బా పట్టుకుని వెళ్లాను. అక్క తలకాయ కూర వండింది. పక్కనే కూర్చుని ఉడికించిన సొరకాయ తిన్నాను. “ఏంరా, నా చేతి తిండి గూడ పరీక్ష చేపించాల్నా?” అంది. ఈ ఏడు పిలవలేదు. పిలవకుండానే వెళ్లాను. అది వేరే కథ, వదిలేయండి.

నా బాధ ఏమిటంటే, నేను రోజూ తాగొస్తుంటే మీలో ఒక్కరైనా మందలించేవారు. దీనికేమో మెచ్చుకోళ్లు! మా ఆవిడ ఒక్కతే భయపడి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఏం తింటున్నారని అడగలేదు, రోజుకు ఎన్ని గంటలు తిండి గురించే ఆలోచిస్తారని అడిగారు. లెక్కేశాను. నిద్ర తీసేస్తే మిగిలిందంతా అదే.

అమ్మా, మూడో వరసలో వాళ్లు, మీకే చెబుతున్నాను. పెళ్లికి వెళ్లినా సొంత డబ్బా తెచ్చుకునే పిల్లను పొగడకండి. తిండి చాలక నెలసరి తప్పుతోందేమో అడగండి. ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది, నంబరు 14416, డబ్బులక్కర్లేదు. రాసుకోండి, 14416.

అధ్యక్షులు గంట కొడుతున్నారు. వెనకాల మిర్చి బజ్జీలు దించుతున్నట్టున్నారు. నేనూ ఒకటి తింటాను. ఫోటో మాత్రం తీయకండి.