స్కేలు చేతికిచ్చే ముందు

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

మూడో తరగతి పిల్లల ముందు ఒక పెన్సిల్‌ని స్కేలు పక్కన పెట్టండి. సున్నా దగ్గర కాదు, 3 దగ్గర మొదలయ్యేలా పెట్టండి. కొస 8 దగ్గరికి వస్తుందనుకుందాం. పొడవెంత అని అడిగితే కొందరు 8 అంటారు. కొందరు 3 నుంచి 8 దాకా గీతలు లెక్కపెట్టి 6 అంటారు. రెండూ తప్పే. కానీ 6 అన్న పిల్ల మీద నాకు ఎక్కువ నమ్మకం. కొలవడమంటే లెక్కపెట్టడమని ఆ పిల్లకు తెలిసింది. కాకపోతే గీతల మధ్య ఖాళీల్ని లెక్కపెట్టాల్సింది, గీతల్ని లెక్కపెట్టింది. 8 అన్నవాడు కొస దగ్గరున్న అంకె చదివాడంతే.

వాడిని అలా తయారుచేసింది మన పద్ధతే. పాఠం మొదలుపెట్టగానే బోర్డు మీద 1 మీటరు = 100 సెంటీమీటర్లు అని రాసి, అందరిచేతా వల్లె వేయిస్తాం. సిలబస్ టెన్షన్ నాకూ తెలుసు. అయినా స్కేలు ఇచ్చే ముందు రెండు రోజులు చేతులతో కొలవనివ్వండి.

బెంచీని జానలతో కొలవమనండి. ఒకరికి 9 జానలు వస్తుంది, ఒకరికి 11, మీకు 7. గొడవ మొదలవుతుంది. దాన్ని ఆపకండి, ఆ రోజు పాఠమే అది. "వాడి చెయ్యి చిన్నది సార్" అని ఎవరో ఒకరు అంటారు. వెంటనే అడగండి: చెయ్యి చిన్నదైతే లెక్క తగ్గాలిగా, ఎందుకు పెరిగింది? ప్రమాణం చిన్నదయ్యే కొద్దీ సంఖ్య పెరుగుతుందన్న ఈ ముక్క బోధపడితే, మీటర్లను సెంటీమీటర్లలోకి మార్చేటప్పుడు వందతో గుణించాలా, భాగించాలా అన్న తికమక చాలావరకు పోతుంది. అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో కూడా అప్పుడు మనం చెప్పక్కర్లేదు, వాళ్లే అడుగుతారు. పూలమ్మే ఆవిడ మూర వేస్తుంటే "నీ చెయ్యి పొట్టిది, ఇంకాస్త వెయ్యి" అని అమ్మ బేరమాడటం చూసిన పిల్లలే కదా!

మన దేశంలో మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు గింజలు కొలిచే పాత్రల లెక్క ఇలా ఉండేది: నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఎవరి ఇంట్లోనైనా పాత మానిక, సోల ఉంటే తెమ్మనండి. మానికలో సోల పావు వంతని ఇసుక పోసి చూస్తే తెలిసిపోతుంది. పరీక్షలో అడగడానికి మాత్రం కాదు, దయచేసి.

బరువు దగ్గర ఇప్పుడో కొత్త చిక్కు వచ్చింది. వెనకటికి కిరాణా కొట్లో త్రాసు ఒకవైపు అరకిలో రాయి, దాని పక్కన పావుకిలో రాయి వేస్తే, ముప్పావు కిలో ఎలా అయిందో పిల్లవాడి కళ్లకు కనిపించేది. ఎలక్ట్రానిక్ కాటాలో అంకె ఒక్కటే కనిపిస్తుంది. అందుకే బట్టల హ్యాంగరుకు రెండు ప్లాస్టిక్ గ్లాసులు వేలాడదీసి బడిలోనే త్రాసు చేయించండి. తూచే ముందు ఏది ఎక్కువ బరువో చేత్తో పట్టుకుని అంచనా చెప్పమనండి. అంచనా తప్పినా మార్కులు వేయండి.

ఇక మన బడిలోనే రోజూ జరిగే తూకం ఒకటుంది, మధ్యాహ్న భోజనం బియ్యం. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు 100 గ్రాముల లెక్క. హాజరు తీసుకున్నాక నాలుగు, ఐదు తరగతుల నుంచి ఇద్దర్ని వంట చేసే అక్క దగ్గరికి పంపండి. 42 మంది వస్తే ఎంత బియ్యం? 4.2 కిలోలు. దాన్ని "నాలుగు కిలోల రెండు గ్రాములు" అని చదివే పిల్లలు ఐదో తరగతిలోనూ ఉన్నారు. వాళ్లతో మీరు వాదించొద్దు. రెండు గ్రాముల బియ్యం అరచేతిలో పోసి, నాలుగు కిలోలు నలభై మందికి పోగా మిగతా ఇద్దరికీ ఇది సరిపోతుందా అని అక్కనే అడగమనండి.