ఏడుతో భాగిస్తే తిరిగే అంకెలు

(తిరుపతిలో గణిత ఉపాధ్యాయుల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

ప్రతిభ ఉన్న పిల్లలకు పాఠ్యప్రణాళిక ఎలా తయారు చేయాలో చెప్పమన్నారు. చాలా ఏళ్లుగా నా మనసులో గుచ్చుకుంటున్న ఒక సంగతితో మొదలుపెడతాను.

నేను చంద్రగిరి వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే రోజులవి. ఏడో తరగతికి భిన్నాలను దశాంశాలుగా మార్చే లెక్కలు ఇరవై ఇచ్చాను. ఒక పాప పది నిమిషాల్లో ముగించేసింది. ఇంకో ఇరవై ఇచ్చాను. అవీ అయిపోయాయి. తర్వాత నోటుపుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, 1/7కి 142857 వస్తా ఉంది. 2/7కి 285714. అవే అంకెలు సార్, గిర్రున తిరిగి వస్తా ఉండాయి. ఎందుకు సార్?" అనింది. "అది పరీక్షకు రాదులేమ్మా, పోయి వెనక బెంచీ వాళ్లకు చూపించు" అన్నాను. అలాంటి ప్రశ్నతో ఆ పాప మళ్లీ నా దగ్గరికి రాలేదు. మార్కులు ఏనాడూ తగ్గలేదు కాబట్టి, నేనేం పోగొట్టానో నాకు చాలాకాలం తెలియనే లేదు.

వచ్చిన లెక్కనే మళ్లీ ఇరవైసార్లు చేయించడం చురుకైన పిల్లలకు శిక్ష. అమెరికాలో జోసెఫ్ రెంజుల్లి, శాలీ రీస్ అనే విద్యా పరిశోధకులు దీనికి ఒక పద్ధతి చూపించారు. వాళ్లు దాన్ని కరికులం కంపాక్టింగ్ అన్నారు, మనం పాఠం కుదించడం అందాం. యూనిట్ టెస్టును పాఠం అయ్యాక కాదు, మొదలుపెట్టే ముందే పెట్టండి. ఎవరికి ఏది ముందే వచ్చో కాగితం మీద తేలిపోతుంది. రాని ముక్క మాత్రం చెప్పి, మిగిలిన పీరియడ్లు ఆ పిల్లలకు వదిలేయండి.

వదిలేసిన పీరియడ్లలో ఏం చేయించాలి? ఇక్కడే మనవాళ్లు తొమ్మిదో తరగతి పుస్తకమో, ఐఐటీ ఫౌండేషన్ మెటీరియలో చేతిలో పెడతారు. ముందుకు పరుగెత్తాల్సిన పిల్లలు కొందరుంటారు, కాదనను. 1971లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ లెక్కల్లో బాగా ముందున్న పిల్లల్ని వెతికి, వాళ్ల వేగానికి తగ్గట్టు చదివించే పని మొదలుపెట్టింది అలాంటివాళ్ల కోసమే. అయినా ఎక్కువమందికి కావలసింది లోతు.

ఆ పాప అడిగిన ప్రశ్ననే తీసుకోండి. ఏడుతో భాగిస్తే శేషంగా 1 నుంచి 6 వరకే రాగలవు. సున్నా వచ్చిందంటే భాగహారం ఆగిపోవాలి, ఇక్కడ ఆగడం లేదు. అంటే ఆరు అడుగులు దాటేలోపు పాత శేషం మళ్లీ ఎదురుపడక తప్పదు. అది ఎదురుపడగానే అంకెలు మొదటికొస్తాయి. 2/7 అదే చక్రంలో ఇంకోచోట ఎక్కుతుంది, అంతే. బిడ్డ తనంతట తాను ఇది పట్టుకుంటే ఆ ముఖం చూడాలి మీరు! అప్పుడు 1/13 వేయమనండి. పన్నెండు అంకెలు వస్తాయనుకుంటారు, ఆరే వస్తాయి: 076923. 2/13కి వేరే ఆరు: 153846. శేషాలు రెండు గుంపులుగా ఎందుకు విడిపోయాయి? 1/17కి మాత్రం పదహారూ వస్తాయి. ఎందుకని? సుద్దముక్క, నోటుపుస్తకం తప్ప ఖర్చు లేని మూడు వారాల పాఠమిది. ఇదే గదిలో మిగతా పిల్లలు 1/4, 1/5, 1/8 ఎందుకు ఆగిపోతాయో, 1/3 ఎందుకు ఆగదో చూస్తుంటారు. విషయం ఒకటే, దిగే లోతు వేరు.

సైన్సు వాళ్లకూ మన ఊళ్లోనే సరుకుంది. తిరుమల ఘాట్‌లో కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్జైటు, అంటే ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి. రెండింటి వయసుల నడుమ సుమారు 80 కోట్ల ఏళ్ల ఖాళీ. బస్సు కిటికీలోంచి రోజూ చూసే రాతి పొరల్లో అంత కాలం కనిపించకుండా ఎలా పోయిందో అడిగి చూడండి.

ప్రతిభ అంటే ఫస్టు ర్యాంకే అనుకోవద్దు. సగటుకు మించిన సామర్థ్యం, సృజన, పట్టుకున్న పనిని వదలని పట్టుదల, ఈ మూడూ కలిసిన చోట వెతకమని రెంజుల్లి 1978లోనే రాశారు. ఈ పట్టుదల మార్కుల రిజిస్టర్‌లో కనిపించదు. ఇంటి దగ్గర ఆవుల్ని మేపుతూ ఏ దూడ ఏ ఆవుకు పుట్టిందో నాలుగు తరాలు చెప్పగలిగే పిల్లవాడి దగ్గర కనిపించొచ్చు.

"నలభై మందిలో ఇదెట్లా కుదురుతుంది సార్?" అని మీరు అడగబోతున్నారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్లు ఊరి బడుల కోసం కార్డుల నిచ్చెన, అంటే మెట్టు మెట్టుగా పేర్చిన పాఠాల కార్డులు, తయారుచేశారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతారు. టీచరు ఎవరి దగ్గర అవసరముంటే వాళ్ల దగ్గర కూర్చుంటారు. మీరు అన్ని పాఠాలకూ చేయక్కర్లేదు. ఏడాదికి రెండు యూనిట్లు ఎంచుకోండి, చాలు.

మొదటి యూనిట్‌గా దశాంశాలు తీసుకోండి. సోమవారం బడికి వెళ్లగానే టెస్టు పెట్టి, ఆ లెక్కలు ముందే తెలిసినవాళ్లకు 1/13 ఇవ్వండి. వచ్చే నెల ఇక్కడ కలిసినప్పుడు వాళ్ల నోటుపుస్తకాలు తీసుకురండి. కొట్టివేతలు, తప్పులు చెరపకుండా, ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి. ఆ పేజీలన్నీ కలిసి చదువుదాం.