సైకిలు ట్యూబ్‌లెస్ టైరులో గాలి ఎలా నిలుస్తుంది, ఎందుకు పోతుంది

సభకు నమస్కారం.

ట్యూబ్‌లెస్ టైరు మనకు వింతేమీ కాదు. మోటారు సైకిలు టైరులో మేకు దిగితే రోడ్డు పక్క పంక్చర్ షాపులో స్ట్రిప్ గుచ్చి, గాలి కొట్టి, నిమిషాల్లో పంపేస్తారు. అదే అలవాటుతో సైకిలు ట్యూబ్‌లెస్‌ను కూడా చూడడం వల్లనే చాలామంది విసిగిపోయి మళ్లీ ట్యూబులకు మళ్లుతున్నారని నా అభిప్రాయం. పేరు ఒకటే గాని, గాలిని పట్టి ఉంచే ఏర్పాటు వేరు.

మోటారు సైకిలు టైరు మందమైనది. దాని లోపలి పొర గాలిని తానే ఆపుతుంది, అల్లాయ్ చక్రానికి స్పోకుల రంధ్రాలు ఉండవు, ఒత్తిడి కూడా 30 పీఎస్ఐ ప్రాంతంలోనే ఉంటుంది. సైకిలు టైరు పలచన, పక్కభాగాలు మరీ పలచన. రిమ్ము లోపలి వైపు ప్రతి స్పోకుకూ ఒక రంధ్రం ఉంటుంది. 28 మిల్లీమీటర్ల రోడ్డు టైరులో 60 నుంచి 70 పీఎస్ఐ వరకు గాలి నింపుతారు. 1999లో ఫ్రాన్సుకు చెందిన మావిక్ సంస్థ మిషెలిన్, హచిన్సన్ కంపెనీలతో కలిసి తెచ్చిన యూఎస్‌టీ పద్ధతిలో ఈ చిక్కులు లేవు: ఆ రిమ్ముల లోపలి గోడకు రంధ్రాలే లేవు, టైరు స్వయంగా గాలిని ఆపేది. కాని అది బరువెక్కువ. ఆ తర్వాత వచ్చిన తేలికపాటి టైర్లు ఆ పనిలో కొంత భాగాన్ని సీలెంట్ అనే ద్రవానికి అప్పగించాయి. అందుచేత ఈనాటి సైకిలు ట్యూబ్‌లెస్‌లో రిమ్ము అంచుకు బిగిసిన టైరు బీడ్ (టైరు లోపలి గట్టి అంచు), స్పోకుల రంధ్రాలను మూసే టేపు, రబ్బరు మొదలున్న వాల్వ్, లోపల కదలాడే సీలెంట్, ఈ నాలుగూ కలిస్తేనే గాలి నిలుస్తుంది.

సీలెంట్లలో ఎక్కువ భాగం రబ్బరు చెట్టు పాలతో చేసినవే. పాలు సీసాలోనే గడ్డకట్టకుండా అమ్మోనియా కలుపుతారు; మూత తీయగానే ముక్కు అదిరేది అందుకే. ముల్లు చేసిన కంత లోంచి గాలి బయటికి తోసుకొస్తూ ఈ ద్రవాన్ని కూడా తెస్తుంది, అందులోని సన్నని రేణువులు దారికి అడ్డం పడతాయి, వాటి చుట్టూ రబ్బరు గట్టిపడుతుంది. పల్లేరు కాయ, సర్కారు తుమ్మ ముల్లు వంటివి చేసే సన్నని కంతలు చాలాసార్లు మనకు తెలియకుండానే ఇలా మూసుకుపోతాయి. అయితే ఆ ద్రవం లోపల నెమ్మదిగా ఎండిపోతూ ఉంటుంది. సీసా మీద ఎన్ని నెలలు రాసి ఉన్నా, మన ఎండాకాలంలో రెండు నెలలకొకసారి వాల్వ్ కోర్ (వాల్వ్ లోపల విప్పగలిగే భాగం) విప్పి, సన్నని పుల్ల ముంచి తడి ఉందో లేదో చూడాలి. ఎండిన సీలెంట్‌తో తిరిగే టైరు పంక్చరయితే తప్పు ముల్లుది కాదు.

దారిలో కంత పడి ద్రవం చిమ్ముతుంటే చక్రాన్ని తిప్పి కంతను నేల వైపుకు తెచ్చి కాసేపు ఆగండి. మూసుకోకపోతే సైకిళ్ల కోసం చేసిన సన్నని స్ట్రిప్‌ను గుచ్చాలి. మోటారు సైకిలు స్ట్రిప్ లావైనది. దాన్ని గుచ్చడానికి ముందు ఆకురాయి సూదితో కంతను వెడల్పు చేస్తారు, మన పలచని టైరులో ఆ వెడల్పే కొత్త గాయం. పైగా మందం లేని రబ్బరులో స్ట్రిప్ ఒక్కటే నిలవదు, దాని చుట్టూ సీలెంట్ చేరి పట్టుకోవాలి.

ముల్లు లేకుండానే రాత్రికి రాత్రి గాలి తగ్గిపోవడం ఇంకా ఎక్కువ మందిని వేధించే సమస్య. సబ్బు నీళ్లు పూసి బుడగలు ఎక్కడ లేస్తాయో చూడండి. టైరు అంచు నుంచి లేస్తే బీడ్ సరిగా కూర్చోలేదు. ఆ అంచుకు సబ్బు నీళ్లు పట్టించి, వాల్వ్ కోర్ తీసి, గాలిని ఒక్కసారిగా వేగంగా పంపితే టప్పుమనే చప్పుడుతో కూర్చుంటుంది. స్పోకుల మొదళ్ల దగ్గర లేస్తే టేపు చిరిగింది లేదా లేచింది. ఇక్కడే చాలామంది పొరబడతారు: రిమ్ము లోపల బోలుగా ఉంటుంది కనుక టేపు ఒకచోట చిరిగితే గాలి ఆ బోలులో పాకి వేరొకచోట, ఒక్కోసారి వాల్వ్ రంధ్రం దగ్గర కూడా బయటపడుతుంది. బుడగ కనిపించిన చోటనే అతుకు వేస్తే లాభం లేదు. టేపు మొత్తం ఊడదీసి, రిమ్మును స్పిరిట్‌తో తుడిచి, అంచు నుంచి అంచు దాకా కప్పే కొత్త టేపును లాగి పట్టి చుట్టాలి. వాల్వ్ నట్టును మాత్రం చేతి వేళ్లతోనే బిగించండి, ప్లయరు వద్దు.

హుక్‌లెస్ రిమ్ములు వాడేవారికి ఒక మాట. వాటి గోడకు బీడ్‌ను పట్టే కొక్కెం ఉండదు, అందుకే ప్రమాణాల ప్రకారం గరిష్ఠ ఒత్తిడి 5 బార్లు, అంటే దాదాపు 72 పీఎస్ఐ. లారీలకు గాలి కొట్టే కంప్రెసరు దగ్గర మీ సొంత గేజీ లేకుండా నిలబడకండి. ట్యూబ్‌లెస్ కాని టైరును సీలెంట్ పోసి ట్యూబ్ లేకుండా నడపడం కూడా ఇలాంటి సాహసమే. బీడ్ సాగి టైరు ఊడిపోవచ్చు.

పక్కభాగం కోసుకుపోయి స్ట్రిప్ పట్టనప్పుడు ట్యూబే దిక్కు. అది వేసే ముందు టైరు లోపలంతా జాగ్రత్తగా తడిమి చూడండి, ఎందుకంటే సీలెంట్ మూసేసిన పాత ముళ్లు విరిగి అక్కడే ఉంటాయి, కొత్త ట్యూబును వెంటనే పొడుస్తాయి. ఇంటికి వచ్చాక ట్యూబు తీసి, కంత చుట్టూ అంటుకున్న సీలెంట్‌ను పూర్తిగా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, లోపలి నుంచి ప్యాచ్ వేయాలి. తడి గాని సీలెంట్ జిగట గాని మిగిలితే ప్యాచ్ పట్టదు. దారాలు తెగి పక్కభాగం ఉబ్బుతుంటే ప్యాచ్ మాట వదిలేసి టైరు మార్చండి. ప్యాచ్ వేసినదాన్ని కొత్త సీలెంట్‌తో ఎక్కించి, ఒక రాత్రి నిండు గాలితో ఉంచి చూశాకే దూరం వెళ్లండి.