కువైట్‌లో మొదటి రోజు: చన్నీళ్ళ కుళాయిలో వేణ్ణీళ్ళు

(తెర మీద: కాలవ గట్టు. గుర్రపుడెక్క పక్కకి జరిపిన చోట నీళ్ళు మెల్లగా పోతున్నాయి. రేవు మెట్టు మీద కూర్చుని మాట్లాడుతుంది.)

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. 2013లో కువైట్ వెళ్ళి, పదకొండేళ్ళు ఇంటిపని చేసి వచ్చేను. ఫోను పట్టుకుని తీస్తున్నది మా మేనకోడలు. బొమ్మ ఊగితే దాన్ని తిట్టుకోండి, నన్ను కాదు.

కొత్తగా వెళ్ళేవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది, "పని కష్టమా అక్కా?" అని. పని సంగతి తర్వాతండి. అంట్లు తోమడం, గుడ్డలు మడతెయ్యడం మనకెవరూ నేర్పక్కర్లేదు. మొదటి రోజు చేతకానివి వేరే ఉంటాయి. కుళాయి తిప్పడం, రోడ్డు దాటడం, చిల్లర లెక్కెట్టుకోవడం, ఇంటావిడని పిలవడం. ఇక్కడ ఆలోచించకుండా చేసేసేవన్నీ అక్కడ ఆగి, ఆలోచించి చెయ్యాలి. సాయంత్రానికి ఒంటికంటే ముందు బుర్ర అలిసిపోద్ది.

(తెర మీద: మేడ మీద నీళ్ళ ట్యాంకు, ఇంటి లోపల గీజరు, మధ్యలో గొట్టాలు. చేత్తో గీసిన బొమ్మ.)

నేను దిగింది జూన్ నెల. ఇంటికి చేరగానే ముఖం కడుక్కుందామని చన్నీళ్ళ కుళాయి తిప్పేను. చెయ్యి చురుక్కుమంది. కుళాయిలు తారుమారుగా బిగించేరేమో అనుకున్నాను. అదేం కాదండి. ట్యాంకు మేడ మీద ఎండలో ఉంటది. ఆ ఎండ ఎలాంటిదంటే, 2016 జులైలో కువైట్‌లోనే మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ ట్యాంకులో నీళ్ళు కాగిపోక ఏమవుతాయి? గీజరేమో ఇంటి లోపల, ఏసీ చల్లదనంలో ఉంటది. అందుకని ఎండాకాలం గీజరు స్విచ్చి ఆపేస్తారు. అందులో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి. అప్పుడు వేణ్ణీళ్ళ కుళాయి తిప్పితే ఒంటికి ఓర్చుకునే నీళ్ళొస్తాయి. ఈ కిటుకు చెప్పింది ఆ ఇంట్లోనే పనిచేసే శ్రీలంక అమ్మాయి. నా మొహం చూసి నవ్వి నవ్వి, ఆ తర్వాత చెప్పింది.

అసలు ఆ నీళ్ళు ఎక్కడివనుకున్నారు? కువైట్‌లో ఏడాది పొడుగునా పారే ఏరంటూ ఒక్కటీ లేదు. సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి ఇళ్ళకి పంపుతారు. మనమేమో కాటన్ దొర చలవ తిన్నవాళ్ళం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి గుమ్మం దిగితే కాలవే కదా. ధార వదిలేసి అంట్లు తోమడం నాకు తప్పని కూడా తెలీదు. మొదటి రోజు మామా నన్ను కోప్పడింది దానికే.

(ఇక్కడ నవ్వు ఆపుకోలేకపోతే అలాగే ఉంచెయ్యాలి, కత్తిరించొద్దు.)

మామా అంటే మావయ్య కాదండోయ్! ఇంటావిడని అక్కడ పనివాళ్ళు "మామా" అంటారు, ఇంటాయన్ని "బాబా" అంటారు. ఒక ఆడమనిషిని పట్టుకుని మామా అనడానికి నాకు నోరు రాలేదు. ఏదన్నా అడగాలంటే దగ్గరికెళ్ళి నిలబడి, ఆవిడ తలెత్తి చూసేదాకా ఆగేను. ఆ పూటంతా ఇదే వరస. ఆవిడేమో ఈ పిల్ల మూగదా ఏంటని ఏజెంటుకి ఫోన్ చేసిందంట.

అరబీ మాటలంటారా, మొదటి రోజుకి అరడజను చాలు. "మాయ్" అంటే నీళ్ళు. "తాల్" అంటే రా. "రూహ్" అంటే వెళ్ళు. "బాచర్" అంటే రేపు. "ఖలాస్" అంటే అయిపోయింది. "మాఫీ" అంటే లేదు. హిందీ కొద్దిగా వచ్చిన వాళ్ళు ఈ మాఫీ దగ్గరే బోల్తా పడతారు, ఎదుటివాళ్ళు క్షమాపణ అడుగుతున్నారనుకుని. మిగతా భాష ఆ ఇంట్లో పిల్లలే నేర్పేస్తారు. తప్పు పలికితే వాళ్ళు నవ్వినట్టు పెద్దవాళ్ళు నవ్వరు.

(తెర మీద: పావు దీనారు, అర దీనారు, ఒక దీనారు నోట్లు.)

డబ్బు దగ్గర జాగ్రత్త. మనకి రూపాయికి వంద పైసలు. అక్కడ దీనారుకి వెయ్యి ఫిల్సులు. కొట్టు చీటీ మీద చుక్క తర్వాత మూడంకెలు ఉంటాయి. 1.250 అంటే దీనారు మీద రెండొందల యాభై ఫిల్సులు, అంటే దీనారుంపావు. పావుకీ అరకీ కూడా నోట్లే ఉంటాయి, కాబట్టి నోటు చూసి ఎంతనుకోకుండా దాని మీద అంకె చూడండి. ఇంకో మాట. మొదటి రోజే ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చేసుకుంటే మంచినీళ్ళ సీసా కూడా కొనబుద్ధి కాదు. జూన్‌లో అది ప్రమాదం. మన ఉక్కపోతకి చెమట ధారగా కారుద్ది, చూసి మనమే నీళ్ళు తాగుతాం. అక్కడ పొడిగాలి. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోద్ది. ఒంట్లో నీళ్ళు పోతున్నాయని తెలీదు. దాహం వేసేదాకా ఆగకండి. బయట పనులు చేసే మగాళ్ళు కూడా వినండి: జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున్న 11 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం నిబంధన.

బళ్ళు కుడివైపు నడుస్తాయి. మనం అలవాటుకొద్దీ ముందు కుడికి చూస్తాం, బండేమో ఎడమ నుంచి వస్తది. నేనైతే నెల్లాళ్ళు కొంగలా రెండు వైపులా మెడ తిప్పేను. ప్లగ్గులు మూడు పలకల పుల్లలవి, మన గుండ్రటివి పట్టవు.

ఆదివారం గుడికెళ్ళే క్రైస్తవులకి ఒక మాట. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. తెలుగు ఆరాధన కూడా శుక్రవారమే పెట్టుకుంటారు. ఆదివారం మామూలు పనిరోజు. నాకైతే ఆదివారం పొద్దున్న ఇల్లు తుడుస్తుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు చాన్నాళ్ళు ఉండేది.

(కెమెరా దగ్గరికి. ఇక్కడి నుంచి నవ్వు లేకుండా.)

కాయితాల సంగతి. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి వెళ్ళే ముందు మన ప్రభుత్వం అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు, దాని మీద 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళని ఇంటిపనికి పంపకూడదు. వయసు దిద్దిస్తామని, విజిట్ వీసా మీద పంపిస్తామని ఎవరన్నా అంటే వాళ్ళ గుమ్మం ఎక్కకండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫొటోలు తీసి బయల్దేరే ముందే ఇంట్లో వాళ్ళకి పంపెయ్యండి. నేను వెళ్ళిన రోజే నా పాస్‌పోర్టు తీసేసుకున్నారు, అందరికీ ఇంతేనేమో అని ఇచ్చేసేను. 2015లో కువైట్‌లో ఇంటిపని వాళ్ళ కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. దాని ప్రకారం మీరు ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు. వారానికో సెలవివ్వాలి. మొదటి రోజే వెళ్ళి చట్టం మాట్లాడమని కాదు, తెలిసుండాలి. ఆపదలో నంబరు 112.

పెట్టెలో గసగసాలు పెట్టకండి. గల్ఫ్ దేశాలు కొన్నిటిలో అవి మత్తుమందు కింద లెక్క. మా అమ్మ కోడికూరకని మసాలా పొడి కట్టిచ్చింది, అందులో గసగసాలున్నాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో పక్కనున్నావిడ చెప్తే ఏడుపొచ్చినా చెత్తబుట్టలో వేసేసేను.

మెడికల్, వేలిముద్రల సంగతి వచ్చే వీడియోలో చెప్తాను, అవి తర్వాతి రోజుల పనులు.

(తెర మీద: రెండు గడియారాలు. ఒకటి పది, ఒకటి పన్నెండున్నర.)

అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మన కోళ్ళు కూసే ఐదింటికి అక్కడ రాత్రి రెండున్నర. మొదటి రాత్రి ఆ వేళకి మెలకువ వచ్చేస్తే కంగారుపడకండి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు కూడా అదే లెక్క. నాకు పని అయ్యేసరికి పదైంది. శ్రీలంక అమ్మాయి ఫోను అడిగి తీసుకుని చేసేను. ఇక్కడ పన్నెండున్నర. మొదటి గంటకే ఎత్తింది మా అమ్మ.

"తిన్నావా?"

"తిన్నానే."

"ఏం కూర?"

అది మాంసం వేసి వండే అక్కడి మసాలా అన్నం, పేరు మచ్‌బూస్ అని పొద్దున్నే చెప్పేరు. నోరు తిరగలేదు. కోడికూర అన్నాను.