రెండు లైన్లున్నా నెట్ ఎందుకు పోతుంది?

హోస్ట్: నమస్తే, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాం. ఈరోజు మనతో ఒక నెట్‌వర్క్ ఇంజినీరన్న ఉన్నారు. మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా మిల్లులకూ కాలేజీలకూ నెట్‌వర్కులు వేస్తుంటారు. అన్నా, సూటిగా అడిగేస్తున్నా. రెండు కంపెనీల లైన్లు తీసుకున్నవాళ్లకు కూడా నెట్ ఎందుకు పోతుంది?

ఇంజినీర్: కాగితం మీద రెండుంటాయి తమ్మీ, నేల మీద చూస్తే ఒక్కటే. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు ఉంది. రెండు కనెక్షన్లు, నెలనెలా రెండు బిల్లులు. రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ బకెట్ ఒక్కసారి దిగింది, రెండూ పోయాయి. గేటు దగ్గర లారీలు నిలబడ్డాయి, ఈ-వే బిల్లు తీసే దిక్కు లేదు. వెళ్లి చూస్తే కల్వర్టు దాటే చోట రెండు కంపెనీల కేబుళ్లూ ఒకే పైపులోంచి పోతున్నాయి.

హోస్ట్: ఒకే బావి మీద రెండు మోటార్లు పెట్టినట్టు.

ఇంజినీర్: అదే. లెక్క చెప్తా విను. ఒక లైన్ 99 శాతం సమయం పనిచేస్తుంది అంటే వినడానికి బాగుంటుంది. మిగిలిన ఒక్క శాతం ఏడాదికి మూడున్నర రోజుల పైమాటే. అలాంటివే రెండు లైన్లు, ఒకదానితో ఒకటి ఏ పొత్తూ లేకుండా ఉంటే, రెండూ ఒకేసారి పడుకునేది ఏడాది మొత్తంలో 53 నిమిషాలే. కానీ పొత్తు లేకపోతేనే ఆ లెక్క. ఒకే పైపు, ఒకే స్తంభం, ఒకే యూపీఎస్, వీటిలో ఏది కలిసినా మళ్లీ మొదటికే వస్తాం.

హోస్ట్: మరి నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు నిజంగా వేరే దారి ఉందా?

ఇంజినీర్: ఎందుకు లేదు? నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి చౌటుప్పల్ మీదుగా ఒకటి. కొండమల్లేపల్లి దగ్గర సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం మీదుగా ఇంకొకటి. చుట్టూ తిరగాలి, ఖర్చు ఎక్కువ, కానీ ఒక జేసీబీ రెండు చోట్లా తవ్వలేదు కదా. హైదరాబాద్‌లో రెండూ ఒకే బిల్డింగులో దిగుతున్నాయా అని కూడా అడగాలి. చాలామంది అది అడగకుండానే ఆగిపోతారు.

హోస్ట్: తెగిన చోటు ఎలా పట్టుకుంటారు? అంత పొడవు రోడ్డు తిరగాలా?

ఇంజినీర్: ఓటీడీఆర్ అని చేతిలో పట్టుకునే మిషన్ ఉంటుంది. ఫైబర్ ఒక కొసకు పెట్టి వెలుగు పంపిస్తే, తెగిన చోట తగిలి కొంత వెనక్కి వస్తుంది. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు కాబట్టి, ఎంత సేపటికి తిరిగొచ్చిందో చూసి దూరం చెప్పేస్తుంది. తిరకాసు ఏమిటంటే, అది చెప్పేది ఫైబర్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ప్రతి జాయింట్ దగ్గరా రేపు పనికొస్తుందని కొన్ని మీటర్లు చుట్టలు చుట్టి వదిలేస్తారు. ఆ చుట్టలు ఎక్కడెక్కడ ఎంత ఉన్నాయో రాసిపెట్టుకోకపోతే మిషన్ చెప్పిన కిలోమీటరు దగ్గరికి వెళ్లి ఉత్త పొలం చూసి రావాలి. నన్నడిగితే మంచి డిజైన్ అంటే సగం ఆ నోటుబుక్కే.

హోస్ట్: ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్‌లో ఇప్పుడు రింగ్ అంటున్నారు కదా?

ఇంజినీర్: 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో రింగ్ పద్ధతి పెట్టారు. ఊరి తర్వాత ఊరిని ఒకే వరుసలో కలుపుకుంటూ పోతే మధ్యలో తెగిన చోటు నుంచి అవతలివన్నీ పోతాయి. చివరి ఊరి నుంచి మళ్లీ మొదటికి తెచ్చి కలిపితే ఒక చోట తెగినా రెండో వైపు నుంచి డేటా వస్తుంది. మన రాష్ట్ర ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్‌కు మిషన్ భగీరథ నీళ్ల పైపులు వేసిన కందకాల్లోనే డక్ట్, అంటే కేబుల్ పోయే పైపు, వేశారు. తవ్వకం ఖర్చు కలిసొచ్చింది, తెలివైన పనే. కాకపోతే నీళ్ల పైపు లీకైతే గడ్డపార కూడా అక్కడికే వస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

హోస్ట్: అంటే రింగ్ ఉంటే టెన్షన్ లేనట్టేనా?

ఇంజినీర్: ఒక్క దెబ్బ వరకే. రెండు చోట్ల పోతే మధ్య ఊళ్లన్నీ ద్వీపమే. పోవడమంటే కేబుల్ తెగడమే కాదు తమ్మీ. పంచాయతీ ఆఫీసులో కరెంటు పోయి బ్యాటరీ అయిపోయినా అది ఒక దెబ్బే. అందుకే పెద్ద రింగ్ ఒకటి వేసే బదులు చిన్నవి నాలుగు వేయమంటా. ఇంకోటి, మామూలు రోజుల్లో రెండు వైపులా చెరి 70 శాతం నింపారనుకో. ఒక వైపు తెగిన రోజు 140 శాతం ఒక్క వైపు మీద పడుతుంది. నెట్ ఉన్నట్టే ఉంటుంది, ఏదీ తెరుచుకోదు. ఏ వైపూ సగం దాటనివ్వొద్దు.

హోస్ట్: ఆఫీసు లోపల కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్చులను అలా గుండ్రంగా కలిపితే మొత్తం పడిపోతుందంటారు?

ఇంజినీర్: పడిపోతుంది. ఆఫీసు కేబుళ్లలో డేటా ఈథర్నెట్ ఫ్రేములనే చిన్న మూటలుగా పోతుంది, ఆ ఫ్రేముకు ఆయుష్షు అంటూ లేదు. లూప్ దొరికితే తిరుగుతూనే ఉంటుంది, అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము అయితే ఒకటి వందలవుతుంది. దీనికి రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఉండగా స్పానింగ్ ట్రీ అనే పద్ధతి కనిపెట్టారు. అదనపు దారిని మూసి ఉంచి, అసలుది పోతే తెరుస్తుంది. పాత పద్ధతిలో దానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. ఫోన్ కాల్ అప్పటికే కట్. ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ వచ్చాక అది చాలా తగ్గింది.

హోస్ట్: అసలు అన్నిటినీ అన్నిటితో కలిపేస్తే పోలా?

ఇంజినీర్: పదింటికి 45 లైన్లు. యాభైకి 1225. డబ్బు ఎవరిస్తారు? అమెరికాలోని రాండ్ అనే పరిశోధన సంస్థలో పాల్ బారన్ 1964లోనే తేల్చాడు, అన్నిటినీ కలపడానికి కనీసం కావాల్సిన లైన్లకు మూడు నాలుగు రెట్లుంటే చాలా దెబ్బలు తట్టుకుంటుందని. కాలేజీకైతే నేను ఇంకా తేలిగ్గా పోతా. మధ్యలో రెండు కోర్ స్విచ్చులు, అంటే అన్ని బ్లాకులనూ కలిపే పెద్ద స్విచ్చులు, వేర్వేరు గదుల్లో. ప్రతి బ్లాకు నుంచి రెండింటికీ చెరో ఫైబర్. రేపు కొత్త బ్లాకు కడితే రెండు ఫైబర్లు లాగుతాం, మిగతా బ్లాకులను ముట్టుకోం. బ్లాకుల మధ్య రూటింగ్ పెట్టి ఒక్కో బ్లాకును వేరే నెట్‌వర్కుగా ఉంచితే ఒక హాస్టల్లో ఎవరో లూప్ చేసినా లైబ్రరీ నడుస్తుంది.

హోస్ట్: చిన్న షాపువాళ్లు రెండో ఫైబర్ పెట్టుకోలేరు. 4జీ రూటర్ చాలా?

ఇంజినీర్: చాలాసార్లు చాలు. కానీ టవర్‌కు కూడా ఎక్కువగా ఫైబరే వస్తుంది. మీ లైన్ పోయే కల్వర్టులోంచే అదీ పోతుంటే ఏం లాభం? సేల్స్ కుర్రాడిని అడిగితే "వేరే రూటే సార్" అంటాడు. జాయింట్లు వేసే కుర్రాడికి ఒక చాయ్ పోసి అడుగు. తర్వాత షాపు కట్టేసే వేళ మెయిన్ కేబుల్ నువ్వే పీకి చూడు. బిల్లింగ్ మిషన్ నడిచిందా, కార్డు గీస్తే పైసలు పడ్డాయా, రెండూ చూసుకో.