గ్యోంగ్జులో రెండు రోజులు: ముందు మ్యూజియం, ఆ తర్వాతే మట్టిదిబ్బలు

అందరికీ నమస్కారం.

కొత్తగా చదువుకోడానికో, ఉద్యోగానికో కొరియా వచ్చిన మనవాళ్లు మొదటి సెలవుల్లో సియోల్‌లో రాజభవనాలు, బూసాన్‌లో సముద్రతీరం చూసి వస్తారు. ఆ రెండు ఊళ్ల మధ్య తిరిగే కేటీఎక్స్ అనే హైస్పీడ్ రైలు గ్యోంగ్జులో ఆగుతుంది. సియోల్ నుంచి రెండు గంటలు, బూసాన్ నుంచి అరగంట. అయినా మనవాళ్లలో అక్కడ దిగేవాళ్లు తక్కువ. ఈ సాయంత్రం నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈసారి అక్కడ దిగండి, ఒక శని, ఆదివారాలు పూర్తిగా ఆ ఊరికే ఇవ్వండి. నేను ఉల్సాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి గ్యోంగ్జు నాకు పక్క ఊరు. ఇంటికొచ్చిన చుట్టాలందర్నీ ముందు అక్కడికే తీసుకెళ్తాను. అలా తిప్పగా తిప్పగా కుదిరిన వరసే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

ఊరి సంగతి కొంచెం చెప్పాలి. కొరియా సంప్రదాయం ప్రకారం సిల్లా రాజ్యం క్రీ.పూ. 57లో మొదలై క్రీ.శ. 935 దాకా సాగింది. ఇంచుమించు వెయ్యేళ్లు. అన్నేళ్లూ రాజధాని ఇదే. పక్క రాజ్యాలైన బెక్జే 660లో, గోగుర్యో 668లో పడిపోయాక కొరియా ద్వీపకల్పంలో ఎక్కువ భాగాన్ని ఇక్కణ్నుంచే ఏలారు. ఆ తర్వాత రాజధాని వేరే చోటికి పోయింది, గ్యోంగ్జు చిన్న ఊరుగా మిగిలిపోయింది. అలా మిగలబట్టే రాజుల సమాధుల పక్కన ఇవాళ్టికీ ఇళ్లూ, కాఫీ కొట్లూ, సైకిళ్ల మీద పిల్లలూ కనిపిస్తారు. బుల్గుక్సా అనే బౌద్ధాలయం, కొండమీది సొక్గురామ్ గుహాలయం 1995లోనూ, ఊళ్లోని చారిత్రక ప్రాంతాలు 2000లోనూ యునెస్కో జాబితాలో చేరాయి.

రైలు దిగగానే ఊరు కనబడదు. కేటీఎక్స్ స్టేషన్ ఊరికి దూరంగా ఉంటుంది, అక్కణ్నుంచి సిటీ బస్సు ఎక్కాలి. ఊరి నడిబొడ్డున ఉన్న పాత స్టేషన్‌ని 2021లో మూసేశారు. పాత గైడు పుస్తకాలు చూసి ఆ స్టేషన్ పక్కన గది తీసుకుంటే రైలుకి దగ్గర అనుకోకండి. బస మాత్రం రాజుల సమాధుల దిబ్బలున్న దేరుంగ్‌వన్ చుట్టుపక్కలే చూసుకోండి. రాత్రి పొద్దుపోయాక కూడా నడిచి గదికి చేరొచ్చు.

మొదటి రోజు పొద్దున్నే అందరూ సమాధుల దిబ్బల దగ్గరికి పరిగెడతారు. వద్దు. ముందు జాతీయ మ్యూజియానికి వెళ్లండి. శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు. ఎందుకు ముందంటే, గ్యోంగ్జులో చాలా చోట్ల పైకి కనిపించేది గడ్డి, రాళ్లు, ఖాళీ నేల. లోపల ఏముందో, ఒకప్పుడు ఏముండేదో తెలియకుండా వెళ్తే నాలుగు ఫొటోలతో సరి. మ్యూజియం చూసి వెళ్తే అదే గడ్డిదిబ్బ ముందు అరగంట నిలబడతారు.

మ్యూజియం ముంగిట్లో పెద్ద గంట వేలాడుతూ ఉంటుంది. 771లో పోత పోసిన సొంగ్‌దొక్ మహారాజు గంట. దాదాపు 19 టన్నుల కంచు. తండ్రి జ్ఞాపకార్థం ఒక రాజు మొదలుపెడితే, ఆయన పోయాక కొడుకు పూర్తి చేయించాడు. దగ్గరికెళ్లి గంట నడుము చూడండి. తామరపువ్వు మీద మోకాళ్లూని, చేతిలో ధూపపాత్ర పట్టుకున్న అప్సరసలు, గాలికి పైకి లేచిన వాళ్ల ఉత్తరీయాలు! పసిబిడ్డను కరిగిన కంచులో వేస్తేనే గంట పలికిందని ఒక కథ కూడా చెప్తారు. నాకా కథ కంటే ఆ ఉత్తరీయాల అంచుల్లోని పనితనమే ఎక్కువ గుర్తుండిపోయింది. గంటను ఇప్పుడు మోగించడం లేదు, రికార్డు చేసిన నాదం మాత్రం వినిపిస్తారు. అది విన్నాకే లోపలికి వెళ్లండి.

లోపల బంగారు కిరీటాలు. పల్చటి రేకుని చెట్టుకొమ్మల్లా, దుప్పి కొమ్ముల్లా కత్తిరించి నిలబెట్టారు. వాటి నిండా గుండ్రటి చిన్న బిళ్లలు, వంకీ తిరిగిన పచ్చరాళ్లు. ఇంత బంగారం దొంగల పాలు కాకుండా ఎలా మిగిలిందన్న ప్రశ్నకి జవాబు సమాధి కట్టిన తీరులోనే ఉంది. రాజుని చెక్కగదిలో పెట్టి, ఆ గది మీద ఏటిరాళ్లు గుట్టగా పోసి, పైన బంకమట్టి మెత్తి, ఆపైన దిబ్బలా మట్టి పోశారు. కాలక్రమంలో చెక్క కుళ్లిపోయి రాళ్లన్నీ లోపలికి కూలాయి. ఇక సొరంగం తవ్వి దూరే దారే లేదు. పక్క రాజ్యాల్లో లోపలికి దారి ఉన్న రాతిగదుల సమాధులు చాలావరకు దోపిడీకి గురైతే, ఇక్కడివి అలాగే నిలిచాయి.

ఇది తెలుసుకున్నాక దేరుంగ్‌వన్ వెళ్లండి. ప్రహరీలోపల 23 దిబ్బలు. 2023 మే నుంచి లోపలికి వెళ్లడానికి రుసుము తీసేశారు, చొన్మాచొంగ్ సమాధిలోకి వెళ్లడానికి మాత్రం టికెట్ కొనాలి. దాని కథ తెలుసుకోవాల్సిందే. 1973లో ప్రభుత్వం పక్కనున్న అతి పెద్ద జంటదిబ్బని తవ్వించాలనుకుంది. అంత పెద్దది తవ్విన అనుభవం అప్పటికి ఎవరికీ లేదు. అందుకని ముందు చెయ్యి తిరగడానికి పక్కనున్న చిన్నదాన్ని ఎంచుకున్నారు. ఆ చిన్నదాంట్లోనే బంగారు కిరీటం బయటపడింది, వేలకొద్దీ వస్తువులు బయటపడ్డాయి. వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది బంగారం కాదు, జీను పక్కన బురద చిందకుండా కట్టే భూర్జపత్రపు పలక. దాని మీద పరిగెత్తే తెల్లగుర్రం. బెరడు మీద వేసిన రంగు పదిహేను వందల ఏళ్లు మట్టిలో నిలవడం మాటలా! సమాధి లోపలి గోడలో రాళ్ల గుట్టని కోసి చూపించారు, ఆగి చూడండి.

మధ్యాహ్నం ఎండ తగ్గాక సైకిలు అద్దెకి తీసుకుని, ఒకప్పుడు బౌద్ధాలయం ఉన్న హ్వాంగ్‌న్యోంగ్సా మైదానానికి రండి. మనవాళ్లు చాలామంది వదిలేసే చోటు ఇదే, నేను మాత్రం ఎవర్నీ వదలనివ్వను. సొందొక్ రాణి కాలంలో, 645లో ఇక్కడ తొమ్మిది అంతస్తుల చెక్క పగోడా లేచింది. ఎత్తు 80 మీటర్ల దాకా ఉండేదని చెప్తారు. దాన్ని కట్టడానికి శత్రురాజ్యమైన బెక్జే నుంచి అబిజి అనే శిల్పిని పిలిపించారట. 1238లో మంగోలుల దండయాత్రలో కాలిపోయింది. ఇప్పుడున్నవి పునాదిరాళ్లు మాత్రమే. ఎనిమిదేసి రాళ్ల చొప్పున ఎనిమిది వరసలు, మధ్యలో నడిమి స్తంభానికి వేసిన పెద్ద రాయి. ఒక మూల రాయి దగ్గర మొదలుపెట్టి చుట్టూ ఒక్కసారి నడవండి. ఒక్కో పక్క దాదాపు 22 మీటర్లు. ఆ కొలత కాళ్లకి తెలిశాక తల పైకెత్తితే, లేని పగోడా ఎంతటిదో అర్థమవుతుంది.

సాయంత్రం చొమ్సొంగ్దే. అదే రాణి కాలంనాటి నక్షత్రశాల, తొమ్మిది మీటర్ల రాతి కట్టడం, దక్షిణం వైపు ఒక చదరపు కిటికీ. ఇంతేనా అంటారు కొందరు. చుట్టూ పూలతోట ఉంది, దీపాలు వెలిగేదాకా అక్కడే కూర్చోండి. తర్వాత వొల్జి కొలను. 674లో మున్ము రాజు తవ్వించినది. 1970ల్లో నీళ్లు తోడి తవ్వితే అడుగు బురదలో ముప్పై వేలకి పైగా వస్తువులు దొరికాయి. వాటిల్లో పద్నాలుగు ముఖాల చెక్క పాచిక ఒకటి. ఒక్కో ముఖం మీద విందులో కూర్చున్నవాళ్లకి ఒక్కో శిక్ష: మూడు గిన్నెలు ఒకేసారి తాగు, పాట లేకుండా ఆడు, అందరూ కలిసి ఇతని ముక్కు మీద కొట్టండి. రాజులూ మంత్రులూ మనలాగే నవ్వుకున్నారని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! అసలు పాచిక ఆరబెట్టే యంత్రంలో కాలిపోయింది, మనకి కనిపించేవి నకళ్లే. కొలను రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది, కాబట్టి పగలు వెళ్లకండి.

భోజనం మాట. గ్యోంగ్జులో సంబాప్ బాగుంటుంది, ఆకుల్లో అన్నం చుట్టుకుని తినే భోజనం, చుట్టూ పదో పన్నెండో గిన్నెలు. శాకాహారులు మాత్రం జాగ్రత్త. పైకి ఆకుకూరల్లాగే ఉన్నా చారుకి ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లు వాడతారు, కిమ్చిలో రొయ్యల ఉప్పో, ఫిష్ సాసో పడుతుంది. అన్నం మీద కూరలు వేసిచ్చే బిబింబాప్ మాంసం, గుడ్డు లేకుండా అడిగితే చేసిస్తారు. 1939 నుంచి చేస్తున్న హ్వాంగ్నామ్ రొట్టె అందరూ కొనుక్కెళ్లేదే. లోపల ఎర్ర చిక్కుడుగింజల పూర్ణం, అచ్చం మన బూరెల్లోలా మెత్తగా ఉంటుంది. పిండిలో గుడ్డు కలుపుతారు, తిననివాళ్లకి ముందే చెప్పండి.

రెండో రోజు పొద్దున్నే టోహామ్సాన్ కొండెక్కాలి. ముందు పైకి, అంటే సొక్గురామ్‌కి, బస్సులోనో టాక్సీలోనో వెళ్లిపోండి. చూసుకుని అడవిదారిన గంటసేపు దిగితే బుల్గుక్సా వస్తుంది. ఈ వరస పాటిస్తే మోకాళ్లకి శ్రమ ఉండదు, సొక్గురామ్‌లో జనం కూడా తక్కువుంటారు.

సొక్గురామ్‌ని గుహాలయం అంటారు. మన గుంటుపల్లి, బొజ్జన్నకొండ చూసినవాళ్లకి గుహ అంటే కొండని తొలిచిందే. ఇక్కడ రాయి గట్టి గ్రానైటు, తొలవడం కుదిరే పని కాదు. అందుకని రాళ్లు చెక్కి, గుమ్మటంలా పేర్చి, పైన మట్టి కప్పి గుహనే కట్టారు. 751లో మంత్రి కిమ్ దేసొంగ్ మొదలుపెట్టాడు. ఈ జన్మ తల్లిదండ్రుల కోసం బుల్గుక్సా, పూర్వజన్మ తల్లిదండ్రుల కోసం సొక్గురామ్ కట్టించాడని కథ. లోపల దాదాపు మూడున్నర మీటర్ల బుద్ధుడు భూమిస్పర్శ ముద్రలో తూర్పు సముద్రం వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. చుట్టూ గోడ మీద ఎవరున్నారో చూడండి. ఇంద్రుడు, బ్రహ్మ! మన దేవతలు ఇంత దూరం నడిచొచ్చి గ్రానైటులో నిలబడ్డారు. గుండ్రటి గది గోడల్ని అద్దం అవతలి నుంచి చూడాలి, ఫొటోలు తియ్యనివ్వరు. జపాన్ పాలనలో 1913 నుంచి జరిగిన మరమ్మతుల్లో సిమెంటు వాడాక లోపల చెమ్మ పట్టడం మొదలైంది, దాన్ని అదుపు చెయ్యడానికే ఆ అద్దం. అంత దూరమొచ్చి అద్దంలోంచి చూడాలా అని బాధ కలుగుతుంది, నాకూ కలిగింది. కానీ ఆ రాయి ఇంకో వెయ్యేళ్లు ఉండాలి కదా.

ఈ రాళ్లు పేర్చడానికి ఒక తరం ముందే హ్యెచో అనే సిల్లా భిక్షువు మన దేశమంతా తిరిగాడు. 720ల మాట. దక్షిణాది గురించి రాస్తూ నాగార్జునుడి పేరుతో ముడిపడిన పెద్ద విహారం పాడుబడి ఉందని చెప్పాడు. ఆయన రాతప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది. ఆయన మిగిలిన జీవితం చైనాలోనే గడిచిపోయింది, సొక్గురామ్‌ని చూడలేదు. కొండ దిగుతున్నప్పుడు ఆయన్నొకసారి తలుచుకోండి.

బుల్గుక్సాలో చెక్క భాగాలు 1593లో జపాన్ దండయాత్రలో కాలిపోయాయి. మనం చూసే మండపాల్లో కొన్ని 1970ల నాటి పునర్నిర్మాణాలు. రాతిమెట్లూ, రెండు పగోడాలూ మాత్రం సిల్లా నాటివే. మీ జేబులో పది వోన్ల నాణెం ఉంటే తియ్యండి, దాని మీదున్నది ఇక్కడి దాబోతాప్. దాని సింహాలు నాలుగుండేవి, ఒక్కటే మిగిలింది. ఎదురుగా సాదాగా ఉన్నది సొక్గాతాప్. 1966లో దొంగలు దాన్ని పెకలించబోయారు. తర్వాత మరమ్మతుకి విప్పితే లోపల చెక్క అచ్చుతో ముద్రించిన ధారణీ సూత్రం అనే బౌద్ధ మంత్రపాఠం చుట్ట బయటపడింది. ప్రపంచంలో దొరికిన అతి పాత అచ్చుప్రతుల్లో అదొకటి.

రెండో రోజు మధ్యాహ్నానికి రెండు దారులున్నాయి, రెండూ పెట్టుకోకండి. నడవగలిగితే నామ్సాన్ కొండ. సమ్నుంగ్ లోయదారిలో అడుగడుగునా రాతిబుద్ధులు, కొన్నింటికి తలలుండవు. కొండకి అవతలి వైపు యొలామ్‌గోక్ లోయలో 2007లో దొరికిన బుద్ధవిగ్రహం ఉంది. డెబ్బై టన్నులకి పైబడిన రాయి, ఎప్పుడో బోర్లా పడిపోయింది. ముక్కు కొసకీ కింది బండకీ మధ్య ఐదు సెంటీమీటర్లే ఎడం. ముఖానికి దెబ్బ తగల్లేదు. లేపుదామా వద్దా, లేపితే పగలకుండా ఎలా అని ఏళ్ల తరబడి ఆలోచిస్తూనే ఉన్నారు. తొందరపడకపోవడమే నాకు ఆ ఊరిపట్ల గౌరవం పెంచింది.

నడవలేనివాళ్లు తూర్పు తీరానికి వెళ్లండి. కొలను తవ్వించిన మున్ము రాజు 681లో చనిపోయాడు. చనిపోయాక సముద్రపు డ్రాగన్‌నై దేశాన్ని కాస్తానని, తన అస్థికల్ని సముద్రంలోనే ఉంచమన్నాడట. ఒడ్డుకి దగ్గరలో ఉన్న బండలే ఆయన సమాధి. దారిలోనే కొడుకు 682లో పూర్తి చేయించిన గమున్సా ఆలయ స్థలం, రెండు పెద్ద రాతి పగోడాలు. ఆలయం నేల కింద ఖాళీ వదిలారు. తండ్రి డ్రాగన్‌గా వచ్చి పోడానికని చెప్తారు. ఆ రాతిదూలాల మధ్య ఖాళీ ఇప్పటికీ కనిపిస్తుంది, వంగి చూడండి. ఊరికి దూరం, బస్సులు తక్కువ, నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకోవడం మేలు.

మనవాళ్లు తప్పక అడిగేది హో హ్వాంగ్ ఓక్ సంగతి, అయోధ్య నుంచి వచ్చి ఇక్కడి గయా రాజ్యపు రాజుని పెళ్లాడిందని కథల్లో చెప్పే రాకుమారి. ఆమె సమాధి గ్యోంగ్జులో లేదు, బూసాన్ పక్కన గిమ్హేలో ఉంది. ఆ గయా రాజ్యాన్ని సిల్లా 532లో కలుపుకుంది. ఆ వంశంలో పుట్టిన సేనాని కిమ్ యూసిన్ సమాధి మాత్రం గ్యోంగ్జులోనే ఉంది, కథ నిజమనుకుంటే ఆయన ఆ రాకుమారి సంతతే. ఆ సమాధికీ, యాంగ్‌డోంగ్ అనే పాతకాలపు పల్లెకీ ఇంకోసారి రండి. యాంగ్‌డోంగ్‌లో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, తొందరగా తిరిగి వచ్చేసే చోటు కాదది.

టికెట్ల సంగతి చెప్పి ముగిస్తాను. చుసొక్, సొల్లాల్ పండగల్లో రైళ్లు దొరకవు, ఆ వారాలు వదిలేయండి. ఏప్రిల్ మొదట్లో చెర్రీపూలు, నవంబరు మొదట్లో ఎర్రటి ఆకులు, రెండు సమయాల్లోనూ గదులు నెల ముందే నిండుతాయి. దారికి నేవర్ మ్యాప్ వాడండి. కేటీఎక్స్‌లో సియోల్ వెళ్లాల్సినవాళ్లు ఆదివారం సాయంత్రపు సీటు ముందే తీసుకోండి. బూసాన్‌లో ఉండేవాళ్లకి ఆ బాధ లేదు, ఊళ్లోంచే బస్సులున్నాయి. ఇక ప్రశ్నలుంటే అడగండి.